రోడ్డు పక్క వాడ - 9 : కేసు ఒప్పుకున్నోడు

పోయిన భాగంలో హైవే వెడల్పు చేసినప్పుడు మా వాడ ముందర ఎవురి జాగా పోయింది, ఎవురికి పరిహారం వచ్చింది రాసినా. ఈ భాగం ఆ రోడ్డు మీద బండ్లు తోలే మా పిల్లోళ్ళ గురించి. ముఖ్యంగా మా చిన్నాయన కొడుకు గురించి. వాడు ఒప్పుకున్నాకే రాస్తా ఉండా. ఊరి పేరు రాయను. ఒకటి రెండు గుర్తులు మార్చినా. మిగతాదంతా జరిగిందే.

మా ఆది ఆంధ్రవాడలో డిగ్రీ కాయితం కన్నా లైసెన్సు కార్డుకి విలువెక్కువ. డిగ్రీ చదివినోళ్ళం నాతో కలిపి ఏడుగురం. అందులో ముగ్గురికి ఈపొద్దుటికీ పని లేదు. లైసెన్సు ఉన్నోడు మాత్రం ఒక్కరోజు ఇంట్లో కూర్చోడు. తిరుపతి రైల్వే స్టేషను కాడ, అలిపిరి కాడ, రేణిగుంట ఎయిర్‌పోర్టు కాడ తెల్ల చొక్కాలేసుకోని నిలబడుండే డ్రైవర్లని ఎప్పుడన్నా అడిగి చూడండి, మీది ఏ వాడప్పా అని. మా తాత చెప్పులు చేత్తో పట్టుకోని ఊరి వీధి దాటినోడు. ఆయన మనవడు ఏసీ వేసుకోని అదే వీధిలో ఇన్నోవా తోల్తాడు. ఇది చిన్న మార్పు అని నేననను. కాకపోతే స్టీరింగు కాడ మనోడుంటాడు, ఆర్‌సీ పుస్తకంలో పేరు ఊరోళ్ళది ఉంటుంది.

మాకాడ యాక్టింగ్ డ్రైవర్ అంటారు. సినిమా యాక్టింగు కాదు. పర్మినెంటు డ్రైవరు రాని రోజు, సీజన్లో బండ్లు చాలని రోజు పిలిస్తే పోయేవాడు. రోజుకింత అని బత్తా. జీతం చీటీ లేదు, పీఎఫ్ లేదు, పని చేసినట్టు ఒక్క అక్షరం రాత లేదు. ఏదో ఊరి నుంచి ఒక కుటుంబం రైలు దిగుతుంది. తిరుమల, తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపులు, టైముంటే అరుణాచలం కూడా. రెండు రోజుల ప్యాకేజీ. వాళ్ళు కొండ మీద క్యూలో ఉన్నంతసేపే డ్రైవరుకు నిద్ర. సీటు వెనక్కి వాల్చుకోని, అద్దం నాలుగు వేళ్ళు దించుకోని. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను డ్రైవరు పనిగంటల గురించి చెప్తుంది. అది చూపించే 1961 చట్టంలో 2025 దాకా రోజుకి 8 గంటలు, వారానికి 48 అని ఉండేది. ఈ మాట నేను చెప్తే మా వాడ పిల్లోళ్ళు నవ్వినారు. ఒకడైతే, "అన్నా, ఆ సెక్షను ఓనరుకు చెప్పి చూడు, రేపట్నించి నీకే బండి తోలే పని ఇస్తాడు" అన్నాడు.

"డ్రైవరు నిద్రమత్తు వల్ల ప్రమాదం" అని పేపర్లో ఒక లైను వస్తుంది. ఆ నిద్ర ఎవురు తినేసినారో రాయరు.

మా జిల్లాల్లో రోడ్లు ఎట్లాంటివో బయటోళ్ళకి పేపర్ల వల్లనే తెలుసు. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీస్ స్టేషను ముందర, ఇసుక తవ్వకాల మీద ఫిర్యాదు చేయను వచ్చిన మునగలపాలెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. పదిహేను మంది దాకా పోయినారు. 2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తా ఉన్న బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాట్‌లో లారీ డివైడరు దాటి ఆర్టీసీ బస్సుని గుద్దింది. ఇవి పెద్దవి కాబట్టి మంత్రులు వచ్చినారు, ఎక్స్‌గ్రేషియా అన్నారు. ఒక్కొక్కరుగా పోయేవోళ్ళ గురించి ఎవురూ రారు. మా వాడ కాడ డివైడరుకు సందు కిలోమీటరు అవతల పెట్టినారు. హైమాస్ట్ లైటు ఊరి క్రాసులో పెట్టినారు, మా వాడ మలుపులో పెట్టలా. చీకట్లో డివైడరు ఎక్కి దిగేది ఎవురు? పని నుంచి వచ్చే మా ఆడోళ్ళు. యాక్సిడెంటుకి కులమేంటని అడిగేవోళ్ళు ఒక రాత్రి ఎనిమిది గంటలకి మా వాడ మలుపులో వచ్చి నిలబడండి. 2019లో చట్టానికి 198ఏ అని కొత్త సెక్షను చేర్చినారు. రోడ్డు డిజైనులో, కట్టడంలో, మెయింటెనెన్సులో లోపం వల్ల మనిషి చనిపోతే ఆ కాంట్రాక్టరుకో అధికారికో లక్ష దాకా జరిమానా. సెక్షనుంది, లైటు లేదు. దాని మీద మేమిచ్చిన అర్జీల కథ ఇంకోసారి రాస్తా.

ఇప్పుడు మావోడి కథ.

2013. మామిడికాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీలు పగలూ రాత్రీ నడిచే రోజులు. నేను అప్పుడు తిరుపతిలో లా రెండో సంవత్సరం. మావోడికి 23 ఏళ్ళు, కొత్తగా హెవీ లైసెన్సు తీసినాడు.

తెల్లారుజామున నాలుగున్నరకి మా చిన్నాయన ఇంటి ముందర బుల్లెట్టు ఆగింది. వచ్చినాయన ఊళ్ళో పెద్దాయన. ఏ కులమో రాయను, మీకు తెలుసు. ఓట్లప్పుడు తప్ప మా వాడలోకి వచ్చింది లేదు, వచ్చినా వేపచెట్టు దాటి రాడు. ఆ పొద్దు నేరుగా వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. మా చిన్నమ్మ ఇచ్చిన చెంబు నీళ్ళు తాగినాడు. "మనింట్లో నీళ్ళు తాగినాడంటేనే నాకు అనుమానం రావాల్సింది నాయనా" అని మా చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

సంగతేందంటే, ఆయన కొడుకు రాత్రి కారు తోల్తా రోడ్డు దాటే ఒకామెని గుద్దేసినాడు. ఆమె చనిపోయింది. పిల్లోడికి 19 ఏళ్ళు, లైసెన్సు లేదు. ఇంజినీరింగు చదువుతా ఉండాడు, ఫారిన్ పంపించాలని ఉన్నారు. "మీవోడికి లైసెన్సు ఉండాది గదప్పా. నేనే తోలినా అని స్టేషన్లో ఒక మాట చెప్తే సరిపోతాది. పొద్దన పోతే మధ్యాన్నానికి బెయిలు. లాయరు ఖర్చు నాది. ఆర్నెల్లకి కేసు కొట్టేస్తారు." ఎప్పుడూ "ఏమిరా" అనేవాడు ఆ పొద్దు "అప్పా" అన్నాడు. 25 వేలు చేతికిస్తా అన్నాడు. మా చెల్లెలి పెళ్ళికి చిన్నాయన ఆయన దగ్గర తీసుకున్న 40 వేల నోటు చించేస్తా అన్నాడు.

చిన్నాయన నాకు ఫోను చేసినాడు. వాడలో లా చదివేది నేనొక్కడినే గదా. "యాక్సిడెంటు కేసులో మనిషి పోతే ఏమవుతుందిరా?" అని అడిగినాడు. నేను హాస్టలు మంచం మీద నుంచే చెప్పినా. ఐపీసీ 304ఏ చిన్నాయనా, రెండేళ్ళకి మించదు, బెయిలబుల్, స్టేషన్లోనే బెయిలిస్తారు, ఏం భయం లేదు అని. చట్టం నేను తప్పు చెప్పలేదు. ఎవురు తోలినారు అని మాత్రం అడగలేదు. నిద్రలో అడగలేదా, తెలిసే అడగలేదా అని పన్నెండేళ్ళుగా నన్ను నేను అడుక్కుంటా ఉండా.

ఏడు గంటలకి మావోడు స్టేషనుకు పోయినాడు. సంతకం పెట్టినాడు.

వాళ్ళకి లైసెన్సున్న మనిషి ఎందుకు కావాలో లా మూడో సంవత్సరంలో నాకు అర్థమైంది. జైలు భయం ఒక్కటే కాదు. లైసెన్సు లేనోడి చేతికి బండి ఇచ్చినందుకు ఓనరు మీద కూడా కేసవుతుంది, 180వ సెక్షను. అంతకన్నా పెద్దది ఇన్సూరెన్సు. డ్రైవరుకు లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ చనిపోయినోళ్ళ కుటుంబానికి డబ్బు కట్టి, ఆ డబ్బంతా ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి వేసింది. అంటే ఆ పెద్దాయన ఆరేడు లక్షలు సొంత జేబు నుంచి కట్టాల్సి వచ్చేది. 25 వేలు, ఒక నోటు కాయితం, ఒక చెంబు నీళ్ళతో సరిపెట్టుకున్నాడు.

చనిపోయినామెకు 34 ఏళ్ళు. ఫ్యాక్టరీలో రోజుకూలి. మొగుడు, ముగ్గురు బిడ్డలు, అత్త. మా వాడకి రెండు కిలోమీటర్ల అవతల అరుంధతివాడ ఆమెది. మేము మాలోళ్ళం, వాళ్ళు మాదిగోళ్ళు. అంతకు ముందు నాలుగేళ్ళు రెండు వాడలూ కలిసి ఏప్రిల్ 14 చేసుకున్నాం, ఒకే ఊరేగింపు, ఒకే డప్పు. ఆ తర్వాత ఏడాది వాళ్ళు రాలేదు. రమ్మని అడిగే మొగం మాకు లేదు. మాలోడు మాదిగామెని గుద్ది చంపి బెయిలు మీద తిరగతా ఉండాడని ఊళ్ళో టీ అంగడి కాడ పని కట్టుకోని చెప్పినోళ్ళు కూడా ఉండారు. ఎవురి బెంచీ మీద కూర్చోని చెప్పినారో నేను రాయాల్సిన పనిలేదు.

ఆర్నెల్లు అన్న కేసు నాలుగేళ్ళు నడిచింది. వాయిదా ఉన్న రోజు మావోడికి డ్యూటీ పోతుంది. పొద్దన బస్సెక్కి పోయి, కోర్టు వరండాలో నిలబడి, పేరు పిలిస్తే చెయ్యెత్తి, ఇంకో తారీఖు రాసుకోని రావడం. పెద్దాయన పెట్టిన లాయరు మొదటి ఏడాది వచ్చినాడు, తర్వాత జూనియర్ని పంపించినాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. లైసెన్సు ఆరు నెలలు సస్పెండు చేసినారు. ఆర్టీసీ డ్రైవరు అప్లికేషను తెచ్చుకోని, "మీ మీద క్రిమినల్ కేసు ఏదైనా ఉందా" అనే గడి కాడ పెన్ను ఆపి, ఆ కాయితాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టినాడు. ఆ కాయితం ఇంకా ఉండాది. 2017లో సాక్షులు డ్రైవరుని చూడలేదని చెప్తే అనుమానం కింద కొట్టేసినారు. నిజంగానే చూడలేదు. ఆ స్థలంలో వాడు లేడు గదా, ఎట్ల చూస్తారు?

సంతకం పెట్టినోడిది తప్పు కాదా అని అడిగేవోళ్ళు ఉంటారు. తప్పే. అసలు నేరస్థుణ్ణి కాపాడను తప్పుడు సమాచారమిస్తే అప్పుడు ఐపీసీ 201, ఇప్పుడు న్యాయ సంహితలో 238. చెప్పించినోడికీ, చెప్పినోడికీ ఇద్దరికీ అది వర్తిస్తుంది. అట్రాసిటీ చట్టంలో ఎస్సీల మీద తప్పుడు కేసు పెడితే శిక్ష ఉంది కదా అన్నాడు ఒక తమ్ముడు. ఉంది. వాడే నడిచిపోయి సంతకం పెట్టినాక ఆ వాదన నిలబెట్టడం కష్టం. అప్పుని, ఆ నులకమంచాన్ని కోర్టులో ఎట్ల రుజువు చేస్తావు?

ఆమె కుటుంబానికి వచ్చిన డబ్బు గురించి కొంచెం వివరంగా రాయాల. ఎందుకంటే మనోళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

యాక్సిడెంటు నష్టపరిహారం లెక్క దాపరికమేం కాదు. చనిపోయిన మనిషి నెల సంపాదన తీసుకోని పన్నెండుతో హెచ్చవేస్తారు. ఆధారపడినోళ్ళు నలుగురు నుంచి ఆరుగురి దాకా ఉంటే అందులో నాలుగో వంతు ఆ మనిషి సొంత ఖర్చని తీసేస్తారు. మిగిలిందాన్ని వయసు బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. 31 నుంచి 35 ఏళ్ళకి ఆ అంకె 16. ఇది 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టిక. ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు లాయరు ఆమె మొగుణ్ణి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ భార్యకి నెలకి ఇంత వచ్చేదని రుజువేమన్నా ఉందా?" లేదు. ఆమె పేరు ఫ్యాక్టరీ రిజిస్టర్లో లేదు, మేస్త్రీ నోటుబుక్కులో ఉండింది. నెలకి 4,500 అని కట్టినారు. ఏడాదికి 54,000. నాలుగో వంతు పోతే 40,500. పదహారుతో హెచ్చవేస్తే 6,48,000. పైన దినాల ఖర్చు అవీ ఇవీ కొంచెం.

ఆమెకు అప్పుడు రోజుకి 250 వచ్చేది. నెలకి 26 రోజులు వేసుకుంటే 6,500. అదే లెక్కలో 9,36,000 అవుతుంది. 40 ఏళ్ళ లోపు కూలోళ్ళకి, సొంత పనోళ్ళకి కూడా రాబోయే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది కూడా కలిపితే 13,10,400. ఒక జీతం చీటీ లేనందుకు, మన మనిషి రేపు ఎదగదని అనుకున్నందుకు ఆమె ప్రాణం ఖరీదు సగానికి సగం తగ్గింది. 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు పోవచ్చని వాళ్ళకి చెప్పినోళ్ళు లేరు.

కాయితం లేకపోయినా కోర్టులు నమ్మిన సందర్భాలు ఉన్నాయి. పక్కన కర్ణాటక కేసులే. 2011లో రామచంద్రప్ప అనే కూలి మనిషి కేసులో, 2014లో సయ్యద్ సాదిక్ అనే కూరగాయల వ్యాపారి కేసులో, ఇట్లాంటోళ్ళు రసీదులు తెచ్చేది యాడనుంచి అని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అందుకే చెప్తా ఉండా, ఉపాధి హామీ జాబు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, డ్వాక్రా పుస్తకం, ఫోన్‌పేలో కూలి పడిన లైన్లు, మేస్త్రీ సాక్ష్యం, ఏదుంటే అది పెట్టండి. ఇంట్లో పని చేసే ఆడమనిషి పనికి కూడా లెక్క కట్టాల్సిందేనని 2021 జనవరిలో కీర్తి కేసులో చెప్పినారు. ఆ ధర్మాసనంలో మన ఎన్.వి. రమణ ఉండారు.

ఇంకొకటి. మార్చురీ కాడికే వచ్చి ఇంత పర్సెంటేజీ అని మాట్లాడుకునే మధ్యవర్తులు ఉంటారు. వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షను చెప్తుంది. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది. ఫోను నెంబరు 15100. మనోడు చెన్నైలోనో బెంగుళూరులోనో చనిపోయినా కేసు ఆడికిపోయి వేయాల్సిన పనిలేదు, మీరు ఉండే చోటే వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టినారు. ఆ గడువు దాటిందని కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ ఉత్తర్వుని నమ్ముకోని కూర్చోవద్దు, ఆరు నెలల్లోనే వేయండి.

గుద్దిన బండి దొరక్కపోతే? మావోడి కేసు నాటికి హిట్ అండ్ రన్‌లో చావుకి ఇచ్చేది 25,000. ఇప్పుడు 2 లక్షలు, పెద్ద గాయానికి 50,000. దానికి ట్రిబ్యునల్ కూడా అక్కర్లేదు, ఆర్డీవో దగ్గర అప్లికేషను.

ఇంక స్టీరింగు కాడ ఉండే తమ్ముళ్ళకి. మీ చేతుల్లో యాక్సిడెంటు జరిగితే పారిపోవద్దు. 134వ సెక్షను ప్రకారం దెబ్బ తగిలినోళ్ళని ఆసుపత్రికి చేర్చడం మీ బాధ్యత. జనం కొడతారని భయముంటే చట్టమే దాన్ని కారణంగా ఒప్పుకుంటుంది. అప్పుడు దగ్గర్లో ఉండే స్టేషనుకు పోండి, 24 గంటల్లోపల చెప్పండి. ఇప్పుడు న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది, కాకపోతే బెయిలబులే. బెయిలు మీ హక్కు, ఎవురో పెట్టే భిక్ష కాదు. పారిపోతే పదేళ్ళు అన్న 106(2) మీదనే 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే, ఆ ముక్క అమలు చేయకుండా ఆపినారు. కలకాలం ఆగుతుందని అనుకోవద్దు.

డ్రైవరే పోతే? రెండేళ్ళ చిన్నోడు, మా పెద్దమ్మ మనవడి వరస అయ్యేవాడు, 2021లో వేలూరు నుంచి వస్తా నిద్రపట్టి ఆగి ఉన్న లారీ కింద దూరినాడు. తప్పు వాడిదే కాబట్టి ఏమీ రాదని ఓనరు చెప్పినాడు. మోటారు చట్టం 166 కింద నిజంగానే రాదు, సొంత తప్పుతో పోయినోడి కుటుంబానికి అక్కడ తలుపు మూసి ఉంటుంది. కానీ జీతానికో బత్తాకో ట్యాక్సీ తోలే డ్రైవరుకు ఇంకో తలుపుంది. 1923 నాటి పరిహార చట్టం, అంబేద్కర్ లేబర్ మెంబరు కాక ముందు నుంచీ ఉన్నది. పోయిన నవంబరు 21 నుంచి దాన్ని సామాజిక భద్రత కోడులో కలిపినారు. అందులో తప్పెవరిదని అడగరు, పనిలో ఉండగా పోయినాడా అనే అడుగుతారు. మేము లేబరు ఆఫీసులో వేసినాం. వాడికి 30. జీతం గరిష్టంగా 15,000 లెక్క, అందులో సగం 7,500, ముప్పై ఏళ్ళ అంకె 207.98. మొత్తం 15,59,850. ఓనరు పాలసీలో పెయిడ్ డ్రైవర్ అని యాభై రూపాయల ప్రీమియం కట్టి ఉండాడు, ఆ సంగతి ఆయనకే గుర్తులేదు. కంపెనీ కట్టింది. బండి ఎక్కే ముందు పాలసీలో ఆ యాభై రూపాయల లైను ఉందో లేదో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఫ్రెండు బండి అడుక్కోని తోలితే మాత్రం ఈ తలుపు కూడా లేదు, ఓనరు చెప్పుల్లో కాలు పెట్టినట్టేనని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మళ్ళీ మావోడి దగ్గరికి వస్తా.

చనిపోయినామె చిన్న కొడుక్కి అప్పుడు ఏడేళ్ళు. వాడి వాటా ట్రిబ్యునలు బ్యాంకులో ఫిక్సుడు వేయించింది. 2024లో పద్దెనిమిది నిండినాక తీసుకున్నాడు. ఆ డబ్బులో కొంత పెట్టి డ్రైవింగు నేర్చుకోని లైసెన్సు తీసినాడు. తిరుపతిలో స్టాండు కాడ పని అడగతా అడగతా, ఎవురో చెప్తే మావోడి దగ్గరికే వచ్చినాడు. పేరు, వాడ చెప్పినాడు. మావోడికి కాళ్ళు ఆడలేదు. పిల్లోడికి మాత్రం తెలీదు. కేసు కాయితాల్లో ఉన్న పేరు వాడికి ఎవురూ చెప్పలేదు, నాయన పోయినాడు, అవ్వ పోయింది. మావోడు వాణ్ణి ఏడాది పాటు పక్కసీట్లో కూర్చోబెట్టుకోని ఘాట్ రోడ్డు ఎక్కడం, దిగడం నేర్పించినాడు. రాత్రిపూట నాకు ఫోను చేసి, "చెప్పాల్నా అన్నా?" అని అడిగేవాడు. నేను పన్నెండేళ్ళ కింద మాదిరి బిరీన జవాబు చెప్పలేదు.

పోయిన జూన్లో మావోడే చెప్పేసినాడు. అన్నీ, నులకమంచం దగ్గర్నుంచి. పిల్లోడు ఏమీ అనలేదు, కొట్టలేదు, ఏడవలేదు. కేసు కాయితాలు ఉండాయా అని అడిగినాడు. నా దగ్గర ఉన్న సర్టిఫైడు కాపీ ఇచ్చినా. రెండు రోజులు పెట్టుకున్నాడు. మూడో రోజు వచ్చి ఎఫ్‌ఐఆర్ మీద వేలు పెట్టినాడు.

"యాక్సిడెంటు టైము మూడున్నర అని రాసినారు గదన్నా. డ్రైవరు 108కి ఫోను చేసినాడని రాసినారు. మాయమ్మ షిఫ్టు పదకొండుకు దిగుతుంది. ఫ్యాక్టరీ ఆటో పదకొండున్నరకి రోడ్డు కాడ వదలతాది. అంటే నాలుగు గంటలు మాయమ్మ రోడ్డు మీద ఉండిందా?"

లా చదివినోణ్ణి, ఆ కాయితాలు పదిసార్లు చూసినోణ్ణి. నేను ఆ టైము చూడలేదు. ఓవర్‌టైము చేసిందేమో అని వాళ్ళింట్లో కూడా అప్పుడు అనుకున్నారంట. లైసెన్సున్నోణ్ణి వెతికి, ఒప్పించి, కథ కట్టడానికి పట్టిన టైము అది. ఆమె వెంటనే పోయిందో, ఎవురన్నా ఎత్తుకోని పోయుంటే బతికేదో, ఆ సంగతి పోస్టుమార్టం కాయితంలో ఒక్క లైను కూడా తేల్చదు.

కేసు మళ్ళీ తెరవొచ్చా అని అడిగినాడు. ఉన్నదున్నట్టు చెప్పినా. అసలోడి మీద ఎప్పుడూ విచారణ జరగలేదు కాబట్టి రెండోసారి అనే అడ్డం లేదు. కానీ రెండేళ్ళ శిక్ష ఉన్న నేరానికి మూడేళ్ళు గడువు, అది ఎప్పుడో దాటింది. న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టు ఆ ఆలస్యాన్ని మన్నించొచ్చని పాత సీఆర్‌పీసీ 473లో ఉండేది, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 519. సన్నని సందు. మన్నిస్తారని నేను మాటియ్యలేను. వచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటారా అని వాళ్ళక్క భయపడింది. నా అంచనాలో తీసుకోరు. చావు నిజం, బండి నిజం, బీమా నిజం. కంపెనీ పోతే ఓనరు మీదికే పోవాల.

ఆ సందులో దూరాలంటే మొదట కావాల్సింది మావోడి అఫిడవిట్టు. అది ఇస్తే వాడు పోలీసులకి అబద్ధం చెప్పినట్టు వాడి చేత్తోనే ఒప్పుకున్నట్టు. వాడికిప్పుడు ఇద్దరు ఆడబిడ్డలు. పెద్దాయన పోయినాడు గానీ ఆ కొడుకు ఉండాడు, ఫారిన్లో. ఊళ్ళో ఇల్లుంది, మనుషులుండారు. నేను ఇవన్నీ వాడికి ఒకటికి రెండుసార్లు చెప్పినా. ఈసారి ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చోని. వాడి భార్యని కూడా కూర్చోబెట్టి చెప్పినా. ఆమె, "అయితే ఆ ఆర్టీసీ కాయితం ఇంక పెట్టెలో నుంచి తీసి పొయ్యిలో వేస్తాలే" అనింది. అది సరే అన్నట్టో, వద్దన్నట్టో నాకు తెలీలా.

నిన్న రాత్రి స్టాండు పని ముగించుకోని వచ్చినాడు. పిల్లోడు బయట బండి కాడనే నిలబడినాడు, లోపలికి రాలేదు. నేను ల్యాప్‌టాప్ తెరిచినా. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి నింపినాక, ఎక్కడ మొదలుపెడదాం రా అని అడిగినా. వాడు చెప్పినట్టే కొట్టినా:

"ఆ రాత్రి నేను మా ఇంట్లో పడుకోని నిద్రపోతా ఉంటిని."

(10వ భాగం వచ్చే ఆదివారం)